పాపక్క కన్ను

పాపక్క తన కూతురి ఆట ఒక్కసారి కూడా చూడలేదు. తెన్మొళి వాలీబాల్‌లో దేశం తరఫున ఆడుతుంది. మా మారండహళ్ళి చుట్టుపక్కల అంత దూరం పోయిన పిల్ల మరొకతె లేదు. అయినా తల్లి చూడదు. బిడ్డకు అందరి దిష్టికంటే కన్నతల్లి దిష్టే ఎక్కువ తగులుతుందని ఆమె నమ్మకం. పాలు పితికిన చెంబును కూడా కొంగు కప్పి తెచ్చే మనిషి. మ్యాచ్ ఉన్న రోజు ఆమె కొట్టంలో ఉంటుంది, నేను పక్కనే మా ఇంటి గోడ దగ్గర ఫోను పట్టుకొని అరిచి చెబుతుంటాను. నాకు వదిన వరస. ఇంత చాదస్తం ఎక్కడా చూడలేదని మొహంమీదే అనేస్తాను. వింటేగా!

ఆ రోజు సంగతి వేరు. పెద్ద టోర్నీకి అర్హత పోటీలవి. మన జట్టు ఆటలన్నీ ముందురోజే అయిపోయాయి. టోర్నీ జరిపే దేశానికి ఎటూ చోటుంటుంది. మిగతావాళ్ళు గుంపులుగా ఆడాలి, ఒక్కో గుంపులో మొదటి రెండు జట్లే టోర్నీకి పోతాయి. మా గుంపులో మొదటి స్థానం ఎవరో అప్పటికే పట్టేశారు. రెండోదానికి మనకూ ఎర్ర చొక్కాల జట్టుకూ పోటీ. వాళ్ళకు నీలం చొక్కాలతో ఒక మ్యాచ్ మిగిలింది. అది తేలేదాకా మనకు ఊపిరాడదు. తెన్మొళికి ఇరవై తొమ్మిదేళ్ళు. ఈసారి చోటు దొరక్కపోతే పాతవాళ్ళను పంపేసి చిన్నపిల్లలతో కొత్త జట్టు కడతామని కోచ్ ముందే చెప్పేశాడు.

సాయంత్రం పాలు పితికే వేళకే ఆట మొదలైంది. పాపక్క ఒకచోట కుదురుగా లేదు. కూర్చుంటుంది, లేస్తుంది, గోడ దగ్గరికి వస్తుంది, మళ్ళీ పోతుంది. ఆ చేతుల కంగారు తెలిసిపోయి ఆవు పాలు చేపనే లేదు. దూడను మళ్ళీ విడిచినా అంతే. ఆమె మొగుడు వెంకటరామప్ప క్యాను పట్టుకొని వాకిట్లో నిలబడి గొణుగుతున్నాడు. "సొసైటీ మూసేస్తారు. పాలు ఎక్కడే?"

ఆమె మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది. నన్ను అడిగింది. "ఎర్రోళ్ళు గెలిచినారంటే అయిపోయినట్టేనా?"

"గెలిచినా పరవాలేదు వదినా. అయిదు సెట్లదాకా పోయి గెలిస్తే వాళ్ళకు రెండే పాయింట్లు, అవి చాలవు. నీలమోళ్ళు రెండు సెట్లు తీసుకుంటే చాలు, మన పాప టోర్నీకి పోతుంది."

"తీసుకున్నారా?"

"ఒకటీ లేదు. మొదటి రెండూ ఎర్రోళ్ళవే."

చెంబు అక్కడే పెట్టేసి, చేతులు తుడుచుకుంటూ నేరుగా మా వాకిట్లోకి వచ్చి ఫోను లాక్కుంది. "నా బిడ్డ ఇందులో లేదు కదా. నేను చూస్తే ఏమి?"

ఎర్ర చొక్కాల్లో తొమ్మిదో నంబరు పిల్ల ఒకతె ఉంది. పాయింట్లు సగం ఆమెవే. పాపక్క చూపు ఆ పిల్లమీదే నిలిచిపోయింది. "ఎంత పొడుగుండాది చూడే. ఏమి ఎగరడం, ఏమి కొట్టడం. వాళ్ళమ్మ ఏం పెట్టి పెంచిందో" అంటోంది. ఎవరినీ ఎన్నడూ పొగిడి ఎరగని మనిషి రెప్ప వేయకుండా అవే మాటలు అంటూ పోతుంటే అప్పుడర్థమైంది నాకు. కావాలనే దిష్టి పెడుతోంది. నాకు నవ్వాగలేదు.

"ఏంది వదినా ఇది?"

"నువ్వు ఊరుకోవే. నా కన్నుకు ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది."

కాసేపటికి ఆ పిల్ల వల దగ్గర ఎగిరి, దిగేటప్పుడు అవతలి పిల్ల పాదంమీద కాలు వేసింది. చీలమండ మెలిపడింది. ఇద్దరొచ్చి మోసుకుపోయారు. ఆమె ఏడుపును కెమెరా దగ్గరగా చూపించింది. పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా ఉండవు.

పాపక్క ఫోను నా చేతిలో పెట్టి అరుగుమీద కూలబడింది. ఆ సెట్టు నీలం వాళ్ళు గెలిచారు. నాలుగోదీ గెలిచారు. ఇక అయిదోది ఎవరిదైనా మనకు చోటు ఖాయం. నేను గంతులేశాను. వెంకటరామప్ప క్యాను పడేసి పరుగెత్తుకొచ్చాడు. పాపక్క లోపలికి పోయి ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టుకొచ్చింది. కూతురికి దిష్టి తీస్తుందనుకున్నాను.

"ఆ పిల్లను చూపించు" అంది.

ఆట వెనక్కి తిప్పి, ఆ ముఖం దగ్గర ఆపి పట్టుకున్నాను. ఫోను చుట్టూ గుప్పిట తిప్పి, తు తు అని ఉమ్మి, తీసుకుపోయి పొయ్యిలో వేసింది. ఆటలో కాళ్ళు మెలిపడటం మామూలే, నీ కన్నుకు అంత శక్తి లేదులే అని చెబుదామనుకున్నాను. మిరపకాయలు కాలేదాకా ఆమె పొయ్యి దగ్గరనుంచి కదలకపోవడం చూసి ఆ మాట మింగేశాను.

ఇంతలో తెన్మొళి నా ఫోనుకే చేసింది, స్పీకరు పెట్టి వదినకిచ్చాను. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "క్వాలిఫై అయినామమ్మా. నేను పోతాండాను."

"సంతోషం బిడ్డా. ఆ ఎర్రచొక్కా పిల్ల కాలు ఎట్లుండాది?"

"ఇక్కడ అందరూ డాన్స్ ఆడతాండారు, నువ్వు ఆ పిల్లను అడుగుతావేంది?"

"అడిగింది చెప్పు."

"తెలీదమ్మా."

"అయితే పోయి చూసి రా. దాని తల్లి కూడా ఎక్కడో ఇట్లనే ఫోను పట్టుకొని కాచుకోనుంటుంది."