పెద్దమ్మ మాటల డిస్కు

మొన్న పొద్దున తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. "సారు పోయిండమ్మా" అని పక్కింటాయన చెప్పాడు. ఆ సారు మా పెద్దనాన్న.

జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. పిల్లలు లేరు. నాకు సైన్సు మీద ఇష్టం కలిగించింది ఆయనే. ఏ సంగతి చెప్పాలన్నా వంటింటి సామాను ముందేసుకుని చెప్పేవాడు.

ఎనభైల చివర్లో పెద్దమ్మకు కండరాలు చచ్చుబడే జబ్బు వచ్చింది. ముందు కాళ్లు పోయాయి, తర్వాత మాట పోయింది. తెలివి మాత్రం ఎప్పటిలాగే ఉంది. అప్పుడు నేను వికారాబాద్‌లో టీచర్ని. ఆదివారాలు రైల్లో వెళ్లి ఆమెకు స్నానం చేయించి వచ్చేదాన్ని.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన బంధువు ఒకాయన దగ్గర పెద్దనాన్న ఒక హోం కంప్యూటర్ తీసుకున్నాడు. టీవీకి తగిలించే రకం. దాంతోపాటు బరువైన హార్డ్ డిస్కు డబ్బా ఒకటి. పెద్దమ్మ రోజూ అనే మాటల్ని తెలుగు అక్షరాల బొమ్మలుగా గీసి ఆ డిస్కులో దాచాడు: "నీళ్లు", "నొస్తుంది", "పక్కకు తిప్పుర్రి". మాటకో మీట. కదిలే ఒక్క వేలితో ఆమె ఏ మీట నొక్కితే, ఆ మాట టీవీ మీద కనబడాలి.

కనబడేది, కానీ ఎంతసేపటికో. డిస్కు గరగరమంటూ ఉండేది. ఈలోపు మేమే ఏదో అనుకుని నీళ్లు తాగించేవాళ్లం. గ్లాసు పక్కన పెట్టేసరికి టీవీ మీద "పక్కకు తిప్పుర్రి" అని ఉండేది. పెద్దమ్మ కళ్ల వెంట నీళ్లు కారేవి.

"ఎందుకింత లేటు పెదనాయనా?" అన్నాను ఒకసారి. ఆయన పళ్లెం అంచు చుట్టూ పల్లీలు పేర్చి తిప్పాడు.

"డిస్కు గిట్ల తిరుగుతనే ఉంటది బిడ్డ. బొమ్మను ముక్కలు చేసి వరుసగ పెట్టిన. మిషన్ ఒక ముక్క మింగేలోపట పక్క ముక్క దాటిపోతది. మల్ల సుట్టు తిరిగొచ్చేదాక ఆగాలె. నడుమ జర జాగ ఇడిస్తే, మింగినంక సరిగ్గ ముందుకొస్తది."

ఎంత జాగా విడవాలో చేసి చూస్తేగానీ తెలియదు. చేసి చూడాలంటే డిస్కంతా తుడిచి, మాటలన్నీ ఫ్లాపీల నుంచి మళ్లీ ఎక్కించాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. అన్ని రోజులూ టీవీ ఖాళీగా ఉండేది. ఆలస్యంగానైనా వచ్చే మాట కూడా పెద్దమ్మకు లేకుండా పోయింది. అయినా వేలు మీట మీద పెట్టి నొక్కుతూనే ఉండేది.

"జర ఓపిక పట్టు, అయిపోవచ్చింది" అనేవాడు, ఆమె వైపు చూడకుండానే.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పని పూర్తయింది. ముక్కల మధ్య ఎడం కుదిరింది. మీట తాకీ తాకగానే మాట వచ్చేస్తోంది.

"నొక్కు, నొక్కి సూడు" అన్నాడు పెద్దమ్మతో. ఆమె వేలు కదల్లేదు. ఆయనే ఆ వేలు పట్టుకుని నొక్కాడు. "నీళ్లు" వచ్చింది. ఇంకో మీట నొక్కాడు. "నొస్తుంది" వచ్చింది.

"సూసినవా, ఎంత జల్ది వస్తుందో!"

ఆమె టీవీ వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఏం చెప్పాలనుకుందో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఆ వానాకాలంలోనే పోయింది.

చాలా ఏళ్ల తర్వాత, ఓదార్పుగా ఉంటుందని, "అనుకున్నది సాధించినవు గద పెదనాయనా" అన్నాను.

"ఏం సాధించిన బిడ్డ? ఆమె వేలు ఆడిన దినాలన్ని నేను డిస్కు తుడుసుడుకే పోయినయి. లేటయితే ఏంది? మేము జర ఆగితే సరిపోతుండె."



ఆ తర్వాత ఆయన ఎవరి మాటకూ అడ్డు రాలేదు. ఎదుటివాళ్లు చెప్పడం అయిపోయినా, ఇంకేమైనా మిగిలిందేమోనని ఆగేవాడు. పోయిన నెల వెళ్లినప్పుడు చెప్పాల్సినవన్నీ చెప్పి, రైలు వేళయిందని లేచాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగితే, మంచం మీద నుంచి ఆయన ఇంకా నా పెదవుల వైపే చూస్తున్నాడు.