ఇంజను లేని బానెట్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇరవై రెండేళ్లుగా గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో పంపు ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. షిఫ్టంతా చీకట్లో, నీళ్లు తోడే మోటారు పక్కన ఒక్కణ్నే కూర్చుంటాను. గనిలో పోయినవాళ్లు కనిపించారని చెప్పే కథలు చాలా విన్నాను. కనిపించేదే ఉంటే ముందు నాకు కనిపించాలి. ఇన్నేళ్లలో ఎలుకలు తప్ప ఏమీ కనిపించలేదు.

అందుకే కిందటి చలికాలంలో జరిగింది రాయడానికి ఇంతకాలం వెనకాడాను.

పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక కారు కొన్నాను. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడవాటి ముక్కు. విదేశీ స్పోర్ట్స్ కారు. నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల అలాంటిది అదొక్కటే ఉండేది. గనులకు కర్ర దిమ్మెలు సరఫరా చేసే ఒక కాంట్రాక్టరు సేటుది. దానికి డ్రైవరు మా నాన్న, మేం బాపు అంటాం.

ఆయన పని పోయింది కూడా దాని వల్లే. తెల్లవారకముందు యజమానికి చెప్పకుండా కారు తీసి ఎక్కడికో వెళ్లొస్తున్నాడని తీసేశారు. కాసిపేటలో ఎవరో ఆడమనిషి ఉందని నలుగురూ అనుకున్నారు. బాపు "నేను తియ్యలే" అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు. అమ్మ నమ్మలేదు. అక్క నమ్మలేదు. నాకప్పుడు పదకొండేళ్లు, నేనూ నమ్మలేదు. అమ్మ చనిపోయేదాకా ఆయనకు అన్నం పెట్టింది గానీ, ఎదురుగా కూర్చుని మాట్లాడగా నేను చూడలేదు.

కారు కొన్నానని తెలిశాక బాపు మా క్వార్టరుకు రావడం మానేశాడు. ఆయన శ్రీరాంపూర్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటాడు. ఫోన్లో ఒక్కటే అన్నాడు: "లోకంల ఇంకేం దొరకలేదారా నీకు?" ఎందుకు కొన్నానో నాకూ సరిగ్గా తెలియదు. అది తుక్కుగా పోతుంటే చూడలేకపోయాను, అంతే.

పని నాకు పూర్తిగా కొత్త. అంతకుముందు స్కూటరుకు కూడా రంగు వేసినవాణ్ని కాదు. బండ్లకు రంగులేసే యాకూబ్ భాయ్ సాయంత్రాలు వచ్చి చెప్పేవాడు. ఇంజను దింపి ఆయన షెడ్డుకే పంపాం. బ్యాటరీ లేదు, వైర్లన్నీ పీకేశాం. మా పెరట్లో టార్పాలిన్ కింద మిగిలింది ఉత్త డబ్బా. పాత రంగు గీకడానికే నెల పట్టింది. మొదటిసారి సొట్టలు పూడ్చే లప్పం మందంగా పెట్టాను, ఆరగానే పగిలింది.

"రొట్టె మీద నెయ్యి రాసినట్టు రాయాలె తమ్మీ. నువ్వు గోడ కడుతున్నవ్," అన్నాడు యాకూబ్ భాయ్.

రంగుకు ముందు పూతగా వేసే ప్రైమర్ కొట్టిన మర్నాడు నాకు మొదటి షిఫ్టు. ఐదింటికి లేచి, ఆరిందో లేదో చూద్దామని టార్పాలిన్ ఎత్తాను. డోర్లు చలికి జిల్లుమంటున్నాయి. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అంతటా కాదు. ఎడమ వైపు, అద్దానికి జానెడు ముందు. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా పట్టుకున్నట్టుంది.

పిల్లి దూరి పడుకుందేమో అనుకున్నాను. ఒక్క వెంట్రుక లేదు, పంజా గుర్తు లేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి సరిగ్గా అక్కడే ప్రైమర్ బుడగలు లేచి ఉంది. గీకి మళ్లీ కొట్టాను. మర్నాడూ అంతే.

లప్పంలో కలిపే హార్డెనర్ వేడి పుట్టిస్తుంది కదా అని యాకూబ్ భాయ్‌ని అడిగాను. అది అర్ధగంటలో పోతుందన్నాడు. మా దగ్గర కుప్ప పోసిన బొగ్గు దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నేలలో అలాంటిదేమైనా ఉందేమోనని కారు కింద దూరి మట్టి తాకి చూశాను. చల్లగా ఉంది. బానెట్ లోపలి వైపు తాకాను. పైకంటే అక్కడే ఎక్కువ వేడి.

జ్వరం చూసే థర్మామీటరు తెచ్చాను. డోరుకు ఆనిస్తే అంకే చూపలేదు. బానెట్‌కు ఆనిస్తే తొంభై తొమ్మిది. నా భార్య రజిత కూడా చూసింది, చెయ్యి పెట్టి కూడా చూసింది. అరగంటలో చల్లారిపోయేది. ఇలా తొమ్మిది రోజులు.

రజిత ఒకరోజు ఫోన్లో మాటల మధ్య ఈ సంగతి బాపుకు చెప్పింది. మర్నాడు చీకటి ఇంకా విడవకముందే ఆయన మా గేటు ముందు నిలబడి ఉన్నాడు. కూరగాయల ఆటో పట్టుకుని వచ్చాడట.

టార్పాలిన్ ఎత్తాను. వేడి ఎక్కడుందో నేను చూపించలేదు. రజిత కూడా బానెట్ అని మాత్రమే చెప్పింది. ఆయన నేరుగా వెళ్లి ఆ జానెడు మీదే అరచెయ్యి ఆనించాడు.

"సేటు గిక్కడనే చెయ్యి వెట్టిండు," అన్నాడు. "మూడు పొద్దులు వెట్టి సూసిండు. బండి వేడిగున్నది, యాడికి పోయొచ్చినవని అడిగిండు. నాకు గూడ వేడి తాకింది. ఏం జెప్పాలె?"

ఈ మాట నేను వినడం అదే మొదటిసారి. "మాకెందుకు చెప్పలే బాపూ?" అన్నాను.

"చెయ్యి వెట్టిన నాకే నమ్మబుద్ధి గాలే. మీరు నమ్ముదురా?"

బానెట్ లేపమన్నాడు. లేపాను. ఇంజను ఉండాల్సిన చోట ఖాళీ. కింద నేల కనిపిస్తోంది. ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. నావైపు తిరగకుండానే, "నువ్వు గూడ నమ్మలే గదరా," అన్నాడు.

"నమ్మలే," అన్నాను.

రామకృష్ణాపూర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్క చివరిదాకా వింది. తర్వాత "ఫోను బాపుకియ్యి" అంది. ఆయన ఫోను పట్టుకుని గేటు దాకా నడిచాడు. తెల్లగా తెల్లవారేదాకా అక్కడే నిలబడి మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మర్నాడు బానెట్ డోర్ల లాగే చల్లగా ఉంది. తర్వాత ఒక్కరోజు కూడా వేడెక్కలేదు. ప్రైమర్ నిలిచింది. ఎర్ర రంగు నాతోనే కొట్టించాడు యాకూబ్ భాయ్. వెనక చక్రం పైన ఒకచోట కారింది, అలాగే వదిలేశాం. ఇంజను ఎక్కించాక బండి నడుస్తోంది. బాపు ఇప్పుడు నెలకు రెండుసార్లు వస్తాడు. పక్క సీట్లో కూర్చుంటాడు. స్టీరింగు పట్టమంటే మాత్రం వద్దంటాడు.

మా గనిలో ఎలక్ట్రికల్ ఇంజనీరుకు ఇదంతా చెప్పాను. థర్మామీటరు చెడిపోయి ఉంటుందన్నాడు. నా చెయ్యి కూడా చెడిపోయిందా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. నా దగ్గరా అంతకంటే మంచి జవాబు లేదు. అప్పట్లో ఆ కారును ఎవరైనా తీసుకెళ్లారో, అసలు అది సేటు షెడ్డు దాటిందో లేదో నాకు తెలియదు. బాపుకూ తెలియదు. తెలుసని ఆయన ఎన్నడూ అనలేదు. తను తియ్యలేదని మాత్రమే అన్నాడు.