దూలం బొగ్గు పూసిన బోర్డు

దయ్యాల మాట ఎవరెత్తినా నాకు ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఇంట్లో దిష్టి తీస్తుంటేనే కసురుకుంటాను. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే జరిగింది నా వీపు వెనకే.

యాభైల్లో సంగతి. తుంగభద్ర కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులు. కౌతాళం దగ్గర ఒక పల్లెలో, ఒక్క గది బడికి నేనే ఐవారిని. కాలువ పక్కన మల్లప్ప అనే కూలి మనిషికి కాస్త చేను ఉండేది. పెద్ద రైతు లింగప్ప అది తనకిమ్మన్నాడు. మల్లప్ప ఇవ్వనన్నాడు.

ఒకనాడు తెల్లవారుజామున మల్లప్ప గుడిసెకు బయట గొళ్లెం పెట్టి నిప్పంటించారు. మనిషి లోపలే కాలిపోయాడు. వాకిలి దగ్గర, చేతులు ముందుకు చాపి దొరికాడు. పేడ కోసం బయటికి వెళ్లిన కూతురు ఈరమ్మ, లింగప్ప గొళ్లెం పెట్టడం కళ్లారా చూసింది. నా బడిలో చదివే పిల్ల, తల్లి లేదు, ఇక అవ్వే దిక్కు. ఊరంతా నోరు కుట్టుకుని కూర్చుంటే, తను మాత్రం పోలీసులకు చెబుతానంది. మంగళవారం ఆదోని నుంచి వాళ్లొస్తారని కబురొచ్చింది.

శనివారాల్లో బోర్డు కిందికి దించి, నూరిన బొగ్గులో దొండాకు పసరు కలిపి పూసేవాళ్లం. పిల్లలు తలా పిడికెడు బొగ్గు తెచ్చేవాళ్లు. ఆ వారం ఈరమ్మ ఒడినిండా తెచ్చింది. ఎక్కడిదని అడిగాను.

"మా ఇంటి దూలందే ఐవారూ," అంది.

మిగతా పిల్లలు వెనక్కి జరిగారు. నాకు వాళ్ల మీద కోపం వచ్చింది. బొగ్గు బొగ్గే కదా. అదే నూరించి పూయించాను. బోర్డు అంత నల్లగా ఎప్పుడూ రాలేదు.

సోమవారం ఎక్కాలు రాస్తుంటే లింగప్ప లోపలికొచ్చాడు.

"ఆ పాపను నాతో అంపు ఐవారూ. రొన్నాళ్లు మా ఇంట్లో ఉంటాది."

ఎందుకో నాకు తెలుసు. పంపనన్నాను. బల్ల మీది డస్టర్ తీసుకుని, కంబళి ముక్క ఉన్న వైపు కాదు, చెక్క వైపుతో నా దవడ మీద కొట్టాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. మళ్లీ కొట్టాడు. గొంతు పట్టుకుని బోర్డుకు అదిమాడు. పిల్లలు కిటికీలోంచి దూకి పారిపోయారు. ఈరమ్మ కదల్లేదు. నన్ను చంపి పిల్లను పట్టుకుపోతాడని అర్థమై, ఏమీ చేయలేక ఏడుపొచ్చింది.

ఇంకా గట్టిగా అదమడానికి లింగప్ప డస్టర్ వదిలేసి, ఆ చేతిని నా చెవి పక్కన బోర్డుకు ఆనించాడు. వెంటనే అరిచాడు. చేయి లాక్కుంటే అరచేతి తోలు బోర్డుకు అంటుకుని ఊడింది. కాలిన మాంసం వాసన నా ముక్కుకు తగిలింది. మోచేయి పట్టుకుని, అరుస్తూనే వీధిలోకి పరుగెత్తాడు.

నా వీపు అదే బోర్డుకు ఆని ఉంది. చొక్కాకు మసి తప్ప ఏమీ కాలేదు. ఆదోనిలో డాక్టరు ఆ చేతిని చూసి, నిప్పుల్లో పెట్టావా అని అడిగాడట. మర్నాడు ఈరమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. లింగప్పకు శిక్ష పడింది. పసరులో, బొగ్గులో ఏముంటుందని తర్వాత చదువుకున్నవాళ్లను ఎందరినో అడిగాను. ఎవరూ సరైన జవాబు చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఆ సోమవారం లింగప్ప పారిపోయాక నేను బోర్డును తాకి చూశాను. చల్లగా ఉంది. ఈరమ్మ లేచి వచ్చి, పక్కనే చెంప ఆనించి కళ్లు మూసుకుంది. చల్లగా ఉంది కదమ్మా అన్నాను.

"లేదు ఐవారూ, ఎచ్చగా ఉండాది. మా నాయన పక్కన పండుకున్నట్టుండాది."

నేను మళ్లీ తాకాను. నాకు చల్లగానే తగిలింది.