ఎండ తెలీని పాట

ఆ రోజుల్లో మంచి పాట కావాలంటే మనమే వెతుక్కుంటూ వెళ్లేవాళ్లం. ఇప్పుడు పాటే మనల్ని వెతుక్కుంటూ వస్తోంది, అందుకే నిలవడం లేదని నా వాదన (మా ఆవిడ దీన్ని ముసలి వాదన అంటుంది, నేను ఒప్పుకోను). గాజువాక దగ్గర ఒక రేకుల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరిన కొత్తలో వన్ టౌన్‌లో ఒక క్యాసెట్టు కొన్నాను. ఎనిమిది పాటలు, ఒక్కటీ సినిమాది కాదు. టేపు జారిపోతే పెన్సిల్‌తో చుట్టుకుని మరీ విన్నాను.

ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు ముందు అందరూ వరుసగా నిలబడి, కుడిచెయ్యి చాచి భద్రతా ప్రతిజ్ఞ చెయ్యాలి. ఒకరు చెబితే మిగతావాళ్లు తిరిగి అనాలి. ఆ వారం చెప్పించే వంతు నాది. జేబులో వాక్‌మన్, హెల్మెట్ కింద ఇయర్‌ఫోన్లు. ప్రతిజ్ఞ కంఠతా వచ్చు కదా, పాట నడుస్తుంటే ఏం పోయిందిలే అని ధీమా. మొదటి వాక్యం బాగానే చెప్పాను. రెండోదానికి వచ్చేసరికి చెవిలో పల్లవి అందుకుంది. చెయ్యి చాచి, గట్టిగా, "డాబా మీద నువ్వుంటే ఎండ తెలీదే" అన్నాను. నిద్రకళ్లతో నిలబడ్డ నలభై మందీ చేతులు చాచి ఆ మాటే భక్తిగా తిరిగి అన్నారు.

ఫోర్మన్ గారు (మేం చాటుగా విజిల్ అనుకునేవాళ్లం) నన్ను గదిలోకి పిలిచి, వాక్‌మన్ లాక్కుని, ఇయర్‌ఫోన్లు తన చెవుల్లో పెట్టుకుని ఆ పాట చివరిదాకా విన్నారు. నా ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. అది వస్తేగాని పిల్లనివ్వనని మా మావయ్య కూర్చున్నాడు.

"తప్పయిందని రాయి. ఆ పాటలు సెత్తని కూడా రాసి సంతకం ఎట్టు. కాయితం నానే పంపిత్తాను."

"ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం తప్పే సార్, రాస్తాను. పాటలు చెత్తని మాత్రం రాయను."

"ఏటిరా, పాట కోసం ఆర్నెల్లు ట్రైనీగానే ఉంటావేటి?"

"ఉంటాను సార్."

ఉన్నాను. పెళ్లీ ఆర్నెల్లు వాయిదా పడింది. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు, నేను ఇప్పటికీ విచారించలేదు.

మొన్న ఫోర్మన్ గారు ఫోన్ చేశారు. రిటైరై చాలా ఏళ్లయింది.

"ఒరే, ఆ డాబా పాట రెండో సరణం గుర్తు రావట్లేదురా. అప్పట్నుంచీ నోట్లో ఆడతానే ఉంది. మనవరాల్ని ఎతకమంటే పేరేటి తాతా అంటంది. ఓపాలి పంపు."

"పంపుతాను సార్. ముందు ఆ పాటలు చెత్త కావని రాసి సంతకం పెట్టండి."

"ఇంకా అదే మొండితనవా" అని పెట్టేశారు. పావుగంటకి ఫోన్‌లో కాగితం ఫొటో వచ్చింది. వంకర అక్షరాలు, కింద పూర్తి సంతకం, పాత అలవాటు కొద్దీ హోదా కూడా.

పాట పంపేసి, నేనూ ఫోన్ పట్టుకుని మిట్టమధ్యాహ్నం మా డాబా ఎక్కాను. ఎండ బాగానే తెలిసింది, మోకాళ్లూ తెలిశాయి. "దిగండి, ఆ ఆర్నెల్లు చాలవా" అని మా ఆవిడ కింద నుంచి కేకేసింది. రెండో చరణం అయ్యేదాకా దిగలేదు.