వదిన లేని ఓటు

అవునండీ, ఆ అంకాలమ్మ సంగతే. మధ్యలో మీ బస్సు వచ్చేసింది గానీ, లేకపోతే నిన్ననే పూర్తి చేసేవాణ్ణి. తొంభై నాలుగు ఎన్నికలకి తెనాలి నుంచి నన్ను పెనుమూడి బడిలో పోలింగ్ డ్యూటీకి వేశారన్నాను కదా. వచ్చినవాళ్ల పేర్లు చూసే పని నాది.

అంకాలమ్మ భర్త పడవ నడిపేవాడు. పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. మొగుడి పేరు పలకడం ఆ కాలపు ఆడవాళ్లకి లేదు కదా, అందుకని ఓటుకి ఎప్పుడూ పక్కింటి అంజమ్మతో కలిసి వచ్చేది. ఈమె మొగుడి పేరు ఆమె చెప్పేది, ఆమె మొగుడి పేరు ఈమె చెప్పేది. ఆ ఏడు అంజమ్మ చీరాలలో బట్టల కొట్టున్న అల్లుడింటికి వెళ్లిపోయింది.

“భర్త పేరేంటమ్మా?” అన్నాను. అంకాలమ్మ అలవాటుగా పక్కకి చూసింది. ఎవరూ లేరు. సరే, జాబితాలో ఉన్న పేరు నేనే చదవబోయాను. యలమంద అనే పార్టీ ఏజెంటు అడ్డుపడ్డాడు.

“మీరు చదవకండి సార్. దొంగ ఓట్లు పడతన్నాయి. ఆమెనే చెప్పమనండి.”

“ఆయనేనయ్యా, పడవాయన,” అంది అంకాలమ్మ.

“పడవాయనకి పేరు లేదా మామ్మా?”

“ఉండకేం. మంచి పేరే.”

వరసలో ఆడవాళ్లు నవ్వారు. “చెప్పు మామ్మా, ఇప్పుడొచ్చి కొడతాడా ఏంటి?” అందొకామె. అంతా కొత్త కోడళ్లు. ఆయన పేరు ఒక్కరికీ తెలియదు.

అంకాలమ్మ వెళ్లి వరండాలో కూర్చుంది. వచ్చే ప్రతి మొహాన్నీ చూస్తోంది. నేను నీళ్లకి లేచినప్పుడు అడిగాను, “ఇంటికెళ్లకూడదూ?”

“ఆయన పోయినాక కూడా ఒక్కసారీ మానలేదు సార్. ఇయ్యాల మానితే నేనూ పోయాననుకుంటారు.”

సాయంత్రానికి గది ఖాళీ అయింది. ఆయన పేరు తెలిసినవాళ్లెవరూ రాలేదు. ఆమె లేచొచ్చి బల్ల అంచు పట్టుకుని, కిటికీ వైపు తిరిగి మెల్లగా అంది.

“సింగయ్య.”

యలమంద తలూపాడు. ఆ పేరుగల మనిషిని చూసినవాళ్లు ఆ గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు.

ఓటేసి వెళ్తూ నా దగ్గర ఆగింది. “ఈ సంగతి మా అంజమ్మొదినకి తెలియనీయకండి సార్. జన్మంతా దెప్పుద్ది.” నవ్వింది. కానీ గేటు దగ్గర చాలాసేపు నిలబడిపోయింది, వెంట వచ్చేవాళ్లెవరో ఇంకా లోపలే ఉన్నట్టు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. నేను రిటైరయ్యాను, డ్యూటీ లేదు. మొన్న చీరాల వెళ్లి ఆ బట్టల కొట్టు వెతికి పట్టుకున్నాను. అంజమ్మ గుళ్లో ఉందట, ఫోన్ నంబరిచ్చారు. రేపు పొద్దున్నే ఎస్టీడీ బూత్‌కి వెళ్లి ఆమెతో మాట్లాడతాను. ఓటు రోజుకి అంకాలమ్మకి తోడుగా పెనుమూడి రమ్మంటాను. పేరు సంగతి మాత్రం ఎత్తను.