దారం దూర్చిన పెన్ను గొట్టం

"మంచిగ చేసుకొని రా బిడ్డా, ఎగ్జిబిషన్‌ల మొదటి టేబుల్ నీదే." మా అమ్మాయి స్వాతికి చందానగర్ బడిలో సైన్సు మాస్టరు ఇచ్చిన మాట ఇది. ఇవాళ హైటెక్ సిటీలో ఒక ఆఫీసు గోడ మీద మేకులకు దారం చుట్టిన నెమలిని చూడగానే ఆ మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది.

తొంభైల చివర్లో మన పిల్లలంతా నల్ల వెల్వెట్ చెక్క మీద మేకులు కొట్టి ఇవే చేసేవారు, గుర్తుందా? దారం కాస్త వదులైతే మళ్లీ మొదటి నుంచి చుట్టాలి. వేళ్లు కోసుకుపోయేవి. తొమ్మిదేళ్ల స్వాతి విసిగిపోయి, రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టంలో దారం దూర్చింది. బొమ్మ గీసినట్టే మేకుల చుట్టూ తిప్పింది.

స్వాతిని వెంటబెట్టుకొని బడికి తీసుకెళ్తే, మాస్టరు ఆ గొట్టాన్ని చూసి నవ్వాడు.

"ఏంది సార్, మీరు చేసిచ్చి పిల్ల పేరు చెప్తున్నరా?"

"నేను ముట్టనే లేదు సార్. జర పిల్లనే అడుగుండ్రి."

అడగలేదు. మొదటి టేబుల్ మీద ఒక కాంట్రాక్టరు కొడుకు పేరుతో థర్మాకోల్ మేడ పెట్టాడు. దాన్ని వాళ్ల నాన్న ఆఫీసువాళ్లు చేశారని బడి అంతటికీ తెలుసు.

స్వాతి ఆ తర్వాత సొంతంగా ఏదీ తయారు చేయలేదు. బతికుంటే చదువుతాడని పేరు రాస్తున్నాను: అంజయ్య మాస్టరు.