పోలారావు చంపిన పురుగులు

టెక్కలి దగ్గరి మా పేపరు మిల్లులో మురుగునీటి తొట్టి చూసే పోలారావుది అక్కుపల్లి. శుభ్రం విషయంలో మహా చాదస్తుడు. నేను ఆఫీసు గుమాస్తాని. నా బల్ల మీద దుమ్ము కనిపించినా నాకు చీవాట్లే.

మిల్లులోంచి వచ్చే నల్లటి నీళ్లు ఆ తొట్టిలో గాలిబుడగలతో పొర్లి పొర్లి, తేటబడి పక్కనున్న గెడ్డవాగులోకి పోయేవి. అక్కణ్నుంచి ఉద్దానం కొబ్బరితోటల మీదుగా సముద్రంలోకి. శుభ్రం చేసేది గాలేనని ఆయన నమ్మకం. నాదీ అంతే.

నిరుడు ఆయుధపూజకి అందరూ మిషన్లు కడిగి బొట్లు పెట్టారు. పోలారావు ఊరుకుంటాడా? తొట్టిలో గోధుమరంగు నురగ చూసి అసహ్యపడి, మూడు బస్తాల బ్లీచింగ్ పౌడరు కుమ్మరించాడు. మర్నాటికి తొట్టి కంపు కొట్టింది. నీళ్లు నల్లగానే ఉన్నాయి.

ల్యాబులో కొత్తగా చేరిన షైని తల పట్టుకుంది. "ఏటి సేసినావు మావా! నీళ్లు కడిగీది కంటికి అవుపడని పురుగులు. అన్నింటినీ సంపీసినావు."

మేనేజరు మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "గేటెత్తి గెడ్డలోకి వదిలెయ్. వానకి కొట్టుకుపోతుంది."

"ఎత్తను బాబూ. ఉద్దానపోళ్లు కిడ్నీల జబ్బులతో ఇప్పటికే గలాసుడు నీళ్లు తాగడానికి బెదిరిపోతన్నారు. సంపింది నేను, బతికించీదీ నేనే. కాదంటే నా ఉజ్జోగం తీసీండి."

నీళ్లు పోయే దారి లేక మిల్లు ఆగిపోయింది. పని పోయిన కూలీలంతా ఆయన్ని దుమ్మెత్తిపోశారు. దాచడమెందుకు, నేనూ పోశాను. ఆయన మాత్రం ఇంకో మిల్లు తొట్టిలోంచి ట్యాంకరుతో ఆ పురుగులుండే బురద తెప్పించాడు. పేడ, బెల్లం కలిపి, చంటిపిల్లకి పెట్టినట్టు పూటపూటా పోశాడు. పన్నెండో రోజుకి నురగ మళ్లీ గోధుమరంగుకి తిరిగింది. గాజుజాడీలో ముంచి పెడితే అరగంటలో బురద అడుక్కి దిగి, పైన తేట నీరు నిలిచింది.

షైని అందులోంచి ఒక్క చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ముందు నేను చూశాను. గంటల్లాంటి ప్రాణులు సన్నటి కాడల మీద నిలబడి, నోళ్లు తెరిచి మింగుతున్నాయి. ఒక్క చుక్కలో ఇన్నా! తర్వాత పోలారావు కన్ను ఆనించాడు. ఎంతసేపటికీ తీయలేదు.

ఇంతలో మేనేజరు వచ్చి, ఇక గేటెత్తొచ్చా అని అడిగాడు.

"ఆగండి బాబూ," అన్నాడు పోలారావు, తలెత్తకుండానే. "ఆళ్లింకా తింతన్నారు."